పృచ్ఛకుడు లేని అవధానం



ఛందస్సనీ వ్యాకరణమనీ కాలక్షేపం చేసే ఈ పుటలో కంప్యూటరు ఆటల ప్రసక్తి ఏమిటని కొందరు ముక్కున వేలు వేసుకోవచ్చు. వేసుకున్న వేలు కాసేపు అలాగే ఉంచి చదవండి. వ్యూహక్రీడలలో ఆటగాళ్ళు తమంత తామే తయారుచేసుకునే పటాలు, అంటే కస్టమ్ మ్యాపులు, ఒకప్పుడు ఇచ్చిన ఆనందం ఇప్పుడు ఇవ్వడం లేదన్న మాట చాలామంది నోట విన్నాను. మా అబ్బాయి అన్నాడు, వాడి మిత్రులు అన్నారు, నేనూ అంటున్నాను. కారణం మాత్రం ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు. వాటిలో చాలావాటితో నాకు ఏకీభావం లేదు గనుక ఈ టపా.

వీటికి తెలుగు పేరు పెట్టాలని నేనూ కొంత ప్రయాస పడ్డాను. 'స్వకల్పిత క్రీడాపటం' అని ఒక సమాసం కూర్చాను గాని, దాన్ని పలికేలోగా శత్రువు కోటగోడ ఎక్కేస్తాడు. అందుచేత ఇక్కడ 'పటం' అని మాత్రమే అంటాను.

ఈ ఆటలు ఎరుగనివారి కోసం నాలుగు మాటలు. వ్యూహక్రీడ అంటే పైనుండి చూస్తూ నడిపే యుద్ధం. ఊరు కట్టాలి, కట్టెలు కొట్టించాలి, బంగారం తవ్వించాలి, సేనను పోషించాలి, ఎదుటివాడి ఊరు కూల్చాలి. 1998లో బ్లిజర్డ్ సంస్థ వెలువరించిన స్టార్‌క్రాఫ్ట్, 1999లో మైక్రోసాఫ్ట్ ప్రచురణగా వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగం, 2002లో బ్లిజర్డ్ వారిదే అయిన వార్‌క్రాఫ్ట్ మూడవ భాగం ఈ కోవలో సుప్రసిద్ధాలు. మన ఊళ్ళలో నెట్ సెంటర్లు వెలసిన రోజులలో, ఇంజనీరింగు కళాశాలల హాస్టళ్ళలో, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఎంతగా పాతుకుపోయిందో ఆనాటి విద్యార్థులు చెప్పగలరు. ఈ మూడింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. ఆటతోపాటు ఆటను గీసుకునే పనిముట్టును కూడా అదే డబ్బాలో పెట్టి ఇచ్చారు. కొండలు, నదులు, అడవులు ఎక్కడ ఉండాలో మనమే నిర్ణయించవచ్చు. అంతకంటె ముఖ్యమైనది 'ట్రిగ్గర్' అనే సాధనం. ఫలానాది జరిగితే ఫలానాది జరగాలి అని షరతునూ ఫలితాన్నీ జతపరచి రాసే సూత్రమది. వ్యాకరణం చదివినవారికి ఇందులో వింత లేదు. ఈ వర్ణానికి ఆ వర్ణం పరమైతే ఈ ఆదేశం వస్తుందని మనం చెప్పుకున్నట్టే, ఈ వంతెన మీదికి గుర్రం వస్తే ఆ కోట తలుపు తెరుచుకోవాలి అని వారు రాసుకుంటారు.

ఈ పనిముట్టు చేతికి వచ్చిన తరువాత ఆటగాడు పృచ్ఛకుడయ్యాడు. అష్టావధానం చూసినవారికి నా ఉద్దేశం వెంటనే బోధపడుతుంది. అవధానికి ఛందస్సు కొత్త కాదు. ఉత్పలమాల గణాలు సభలో వెనుకవరుస పిల్లవాడికీ తెలుసు. మరి సభ ఊపిరి బిగబట్టేది దేనికి? నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అడుగడుగునా ఒక అక్షరాన్ని నిషేధిస్తూ పోతాడు గనుక. దత్తపది పృచ్ఛకుడు పొత్తు కుదరని నాలుగు మాటలు ఇచ్చి వాటితో భారతార్థంలో పద్యం చెప్పమంటాడు గనుక. సమస్య ఇచ్చేవాడు అసంభవమనిపించే పాదం ఒకటి ఇచ్చి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటాడు గనుక. పటం చేసేవాడి పనీ అదే. అందరికీ తెలిసిన ఛందస్సులో ఎవరికీ తెలియని నిషేధం పెడతాడు. 'నీకు ఊరు లేదు, సేన లేదు, ఒక్క వీరుడే ఉన్నాడు, ఆడు' అంటాడు ఒకడు. 'నీవు దండెత్తరాదు, బురుజులు మాత్రమే కట్టాలి. శత్రువులు నీ వాకిటి ముందుగానే పోతుంటారు, ఒక్కరినీ దాటనివ్వకు' అంటాడు మరొకడు. ఈ రెండవదాని నుండి టవర్ డిఫెన్స్ అనే జాతి అంతా విస్తరించింది. మొదటిదాని వంశంలో స్టార్‌క్రాఫ్ట్ పటం ఏయాన్ ఆఫ్ స్ట్రైఫ్ ఒక తాత, వార్‌క్రాఫ్ట్ పటం డోటా మనుమడు.

ఆ రోజుల్లో వార్‌క్రాఫ్టులో పరులతో ఆడే పద్ధతి ఎలా ఉండేదో కొంచెం వివరంగా చెప్పాలి. నా వాదమంతా దానిమీదే నిలబడుతుంది. పటం ఉన్నవాడు ఒక ఆట తెరిచి, దానికి తానే ఒక పేరు పెట్టేవాడు. పేరులోనే పిలుపు ఉండేది: కొత్తవాళ్ళు రావచ్చు, తెలిసినవాళ్ళే రావాలి, మొదటిసారి పరీక్షిస్తున్నాము, ఇలా. మనం ఆ పేరు చూసి లోపలికి పోతే, ఆ పటం మన దగ్గర లేకపోయినా ఇబ్బంది లేదు. ఆతిథేయి కంప్యూటరు నుండి మనకు దిగుమతి అయ్యేది. ఫ్రోజెన్ థ్రోన్ తొలికాలంలో పటం 4 మెగాబైట్లకు మించరాదన్న నియమం ఉండేది. నాలుగే గదా అనుకోకండి. మా ఇంటి టెలిఫోను తీగలో నాలుగంటే నాలుగు యుగాలు. నా పేరు పక్కన శాతం పన్నెండు, పదమూడు అని పాకుతూ ఉంటే తక్కినవారు నిరీక్షించేవారు. కొందరు విసుగెత్తి నన్ను బయటికి తోసేసేవారు. తోయనివారు మాట్లాడుకునేవారు. అవధానంలో అప్రస్తుత ప్రసంగానికి ఏ స్థానం ఉందో ఆ కబుర్లకు అదే స్థానం. ఆతిథేయి నియమాలు చెప్పేవాడు, ఒకరికి అర్థం కాకపోతే మరొకరు చెప్పేవారు, సగం నియమాలు ఆట మొదలయ్యాక ఓడిపోతూ నేర్చుకునేవారు. పోలండు కుర్రవాడూ పెరూ కుర్రవాడూ నేనూ సమానమైన అజ్ఞానంతో ఒకే అడవిలో తిరిగిన రాత్రులు ఉన్నాయి. అందరం ఒకేసారి తెలియనివాళ్ళం కావడమే ఆ ఆటలో రసం.

ఇది నా చిన్ననాటి జ్ఞాపకాల మీది మమకారమని ఎవరైనా అంటారేమో. నేను మొట్టమొదట మౌసు పట్టుకున్నది నలభై నాలుగో ఏట. చిన్ననాటి మమకారాలన్నీ గోలీలకూ గిల్లీదండాకూ పోయాయి, వీటికి మిగలలేదు.

ఇక పల్నాటి పటం సంగతి. మా అబ్బాయి ఇంజనీరింగు చదువుకు వెళ్తూ తన పాత కంప్యూటరు ఇంట్లో వదిలిపెట్టాడు. ఆదివారాలు నా విద్యార్థులు ఐదారుగురు వచ్చేవారు. పాఠంలో పల్నాటి వీరచరిత్ర నడుస్తున్న కాలమది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ పనిముట్టుతో ఆ యుద్ధాన్ని గీద్దామన్న ఊహ వాళ్ళదే. నాగులేటి ఒడ్డున కారెంపూడి, ఇటు గురజాల, అటు మాచర్ల. ఆ ఆటలో అప్పటికి భారతదేశపు జాతులే లేవు. 2000లో వచ్చిన కాంకరర్స్ విస్తరణతో కలిపి పద్దెనిమిది జాతులుంటే, మనవాళ్ళకు దగ్గరగా కనిపించినది ఏనుగులున్న పారశీకులొక్కరే. సరే, నలగామరాజు పారశీక వేషం కట్టాడు. చాపకూడు ఎలా చూపాలన్నది పెద్ద చర్చ. చివరికి ఒక పిండిమర చుట్టూ గ్రామీణుణ్ణీ, సన్యాసినీ, రౌతునూ, బల్లెగాణ్ణీ వరసగా నిలబెట్టారు. తెలుగు పండితుడిగా నేను ఎన్ని ఏళ్ళు చెప్పినా ఆ ఘట్టం వాళ్ళకు అంత బాగా పట్టి ఉండేది కాదు.

అసలు చిక్కు కోడిపందెం. ఆ ఆటలో పుంజులు లేవు. టర్కీ కోళ్ళు ఉన్నాయి, అవి పోట్లాడవు, తోలితే నడుస్తాయి. అందుచేత ఏ పక్షం కోడి ముందుగా జెండా దగ్గరికి చేరితే ఆ పక్షం గెలిచినట్టు ట్రిగ్గరు రాశారు. నాయకురాలి తంత్రం చూపడానికి బ్రహ్మనాయుడి కోడి దారిలో ఒక తలుపు పెట్టి, కొద్ది క్షణాలు ఆలస్యంగా తెరుచుకునేటట్టు చేశారు. ఓడిన పక్షానికి ఏడేళ్ళ అరణ్యవాసానికి బదులు ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ మాచర్ల ఊరు ఎదుటివారి స్వాధీనం. ఒక కుర్రవాడు అడిగాడు: "మాస్టారూ, బ్రహ్మనాయుడి కోడే గెలిస్తే ఏమవుతుంది?" కథలో గెలవలేదురా అన్నాను. "కథలో గెలవలేదండీ, ఆటలో గెలవచ్చు గదా" అన్నాడు. మరో రెండు ఆదివారాలు కూర్చుని ఆ శాఖ కూడా కట్టారు. ఎడమవైపు అడవిలో చెట్ల మధ్య సన్నని దారి ఒకటి. దాన్ని కనిపెట్టి కోడిని అటుగా తోలినవాడికి పందెం దక్కుతుంది. అప్పుడు అడవికి పోవలసినది గురజాల పక్షం. అలరాజు రాయబారమూ ఉండదు, ఆ హత్యా ఉండదు, యుద్ధం మరో దారిన వస్తుంది.

ఆ ఆట తెలుగు లిపిని చూపలేదు. యూనికోడు అప్పటికి దానికి తెలియని బ్రహ్మపదార్థం. కాబట్టి సందేశాలన్నీ ఇంగ్లీషు అక్షరాలలో, మన ఆర్.టి.ఎస్. పద్ధతిలో రాశాము. మన పాతకాపులకు ఆర్.టి.ఎస్. అంటే రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వెలసిన లిప్యంతరీకరణ పద్ధతి, ఆటగాళ్ళకు ఆర్.టి.ఎస్. అంటే రియల్ టైమ్ స్ట్రాటజీ. ఆర్.టి.ఎస్.లో ఆర్.టి.ఎస్. రాసినవాళ్ళం బహుశా మేమేనని మా పిల్లలు చాలాకాలం మురిసిపోయారు.

పటం ఒక సీడీలో మా అబ్బాయి హాస్టలుకు వెళ్ళింది. ఎనిమిది కంప్యూటర్లు తీగలతో కలిపి వారం రోజులు రాత్రిళ్ళు ఆడారట. వాడు ఫోను చేసి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "నాన్నా, మా గదిలో మాచర్ల కుర్రాడొకడు ఉన్నాడు. వాడికి కథంతా నోటికి వచ్చు. అయినా పందెంలో వాడే ముందు ఓడిపోయాడు. కథ తెలియనివాడు అడవిదారి కనిపెట్టాడు." ఆ తరువాత మాచర్ల కుర్రవాడు రోజుకొకరికి కథ చెబుతూ, ఆటలో తనవాళ్ళు ఓడితే రాత్రి భోజనం మానేసేవాడట. ఇంతవరకు బాగుంది. రెండు వారాల తరువాత ఎవరో ఆ పటాన్ని పక్క హాస్టలుకు కాపీ చేశారు. వెంట ఒక చిన్న టెక్స్టు ఫైలు కూడా పెట్టారు. అందులో ఒకటే వాక్యం: కోడిని ఎడమ అడవిలోంచి తోలండి. పక్క హాస్టలువాళ్ళు ఆ పటాన్ని రెండుసార్లు ఆడి పక్కన పెట్టేశారు. 'ఇందులో ఏముంది?' అన్నారట.

వాళ్ళు అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ వాక్యం చదివిన తరువాత నిజంగానే అందులో ఏమీ లేదు.

ఇప్పుడు ప్రచారంలో ఉన్న కారణాలు చూద్దాం. పటాలు నాసిరకమైపోయాయి అనేది ఒకటి. ఇది సత్యదూరం. 2010 జూలైలో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ రెండవ భాగంతో ఇచ్చిన పనిముట్టు ముందరివాటికంటె ఎన్నో రెట్లు శక్తిమంతమైనది. దానితో వ్యూహక్రీడ పోలికే లేని ఆటలు కూడా కట్టారు. నేటి పిల్లలకు ఓపిక లేదు అనేది మరొకటి. ఇది ప్రతి తరం పెద్దలూ తరువాతి తరం మీద వేసే అభాండమే. ఒకే ఆటను వేలగంటలు ఆడే పిల్లలకు ఓపిక లేదనడం ఎలా? మూడవది, కంపెనీలు పాడుచేశాయి అనేది. ఇందులో కొంత నిజం ఉంది. కాని మొదటి గొడ్డలిపెట్టు వారిది కాదు.

మొదటి దెబ్బ ఆటగాళ్ళదే. డోటానే తీసుకోండి. 2003లో యూల్ అనే మారుపేరువాడు మొదలుపెట్టాడు. ఇతరులు దాన్ని అల్లుకుంటూ పోయారు, గిన్సూ చేతిలో ఆల్‌స్టార్స్ అయింది, తరువాత ఐస్‌ఫ్రాగ్ చేతికి వచ్చింది. (2006లో స్వీడన్ గాయకుడు బాస్‌హంటర్ దాని మీద పాట కట్టాడంటే దాని వ్యాప్తి ఊహించుకోండి. తెలుగులో సీసపద్యం మీద సినిమాపాట రావడం లాంటిది.) అది మహత్తరమైన పటం, సందేహం లేదు. కాని కొన్నేళ్ళకు ఆటల జాబితా తెరిస్తే ఎటు చూసినా డోటాయే. పైగా కొత్తవాడు వస్తే నేర్పే ఆతిథేయులు తగ్గి, తరిమే ఆతిథేయులు పెరిగారు. సరిగా ఆడనివారినీ మధ్యలో వెళ్ళిపోయేవారినీ పేరుపేరునా రాసిపెట్టుకుని లోపలికి రానివ్వకుండా చేసే బ్యాన్‌లిస్టు ఉపకరణాలు వచ్చాయి. మధ్యలో వదిలి వెళ్ళేవాడు తక్కిన తొమ్మిదిమంది సమయాన్ని పాడుచేస్తాడు గనుక వారి కోపం అర్థం చేసుకోదగినదే. అయినా సభ ద్వారం దగ్గర అర్హతాపరీక్ష పెట్టిన రోజున, అజ్ఞానంతో లోపలికి రావడం నేరమైపోయింది. అజ్ఞానం నేరమైన చోట పటాల పని అయిపోయినట్టే. ఎందుకంటే కొత్త పటం ముందు ఎవరైనా అజ్ఞానే.

మరికొన్ని పటాలు ఇంకో దారి పట్టాయి. సాహసయాత్రల రకం పటాలలో మన వీరుడి స్థాయిని ఒక సంకేతంగా మార్చి ఇచ్చేవారు. దాన్ని కాగితం మీద రాసుకుని మరునాడు మళ్ళీ టైపు చేస్తే నిన్నటి చోటి నుండి సాగించవచ్చు. తెలివైన ఏర్పాటే. కాని అది ఆటను ఉద్యోగం చేసింది. నిన్న సంపాదించినదాన్ని పోగొట్టుకోలేక ఈరోజు కూడా అదే పటం. పొరుగున ఎవడో వింత పటం తెరిచి కూర్చుని కేకవేస్తున్నా వెళ్ళేవాడు లేడు.

ఇక కంపెనీల భాగం. స్టార్‌క్రాఫ్ట్ రెండవ భాగం తొలినాళ్ళలో పటాలను ప్రజాదరణ క్రమంలో పేర్చి చూపింది. ఎక్కువమంది ఆడినది పైన, పైన ఉన్నదాన్ని ఎక్కువమంది చూస్తారు, చూసినదాన్నే ఆడతారు, కాబట్టి అది మళ్ళీ పైన. ఇది మీగడ మీద మీగడ పోసే పద్ధతి. నిర్వాహకుడు తన ఆటకు తానే పేరు పెట్టుకుని పిలిచే వీలు కూడా అప్పట్లో లేదు. నిన్న రాత్రి ఒక కుర్రవాడు పటం పూర్తిచేస్తే, 'రండి, మొదటిసారి పరీక్షిద్దాం' అని అరవడానికి అరుగు లేకుండా పోయింది. విమర్శలు వచ్చాక 2012లో ఆర్కేడ్ అనే పేరుతో ఆ ఏర్పాటును చాలావరకు సవరించారు. రెండేళ్ళు తాళం వేసిన గ్రంథాలయాన్ని తెరిస్తే పుస్తకాలు ఉంటాయి, పాఠకులు ఉండరు.

2020 జనవరిలో వార్‌క్రాఫ్ట్ మూడవ భాగాన్ని పునర్నిర్మించి రీఫోర్జ్‌డ్ పేరుతో తెచ్చినప్పుడు, దానిపై కట్టే పటాలన్నీ సంస్థ సొత్తేనని నిబంధన పెట్టారు. డోటా చేజారిపోయిన దుఃఖం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పటం నుండి స్ఫూర్తి పొంది 2009లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ వచ్చింది, 2013లో వాల్వ్ సంస్థ డోటా రెండవ భాగాన్ని అధికారికంగా విడుదల చేసింది, ఆ పేరు మీద బ్లిజర్డుకూ వాల్వుకూ తగాదా వచ్చి 2012లో రాజీ అయింది. తన పెరటిలో మొలిచిన చెట్టు పొరుగింట కాసింది గనుక ఇకమీదట పెరటిలో ఏది మొలిచినా నాదే అన్నాడు యజమాని. న్యాయశాస్త్రం నాకు తెలియదు. సమస్య ఇచ్చిన పృచ్ఛకుడికి ఆ పాదం మీద హక్కు లేదు, అది హాలు అద్దెకిచ్చినవాడిది అంటే మాత్రం, ఆ హాలుకు పృచ్ఛకులు రావడం తగ్గుతుందని చెప్పగలను.

అన్నిటికంటె నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 2019 నాటి ఉదంతం. డోటా రెండవ భాగంలో, చైనాకు చెందిన డ్రోడో అనే చిన్న బృందం జనవరిలో ఆటో చెస్ అనే పటం పెట్టింది. చదరంగం బల్ల వంటి దానిపై వీరులను పేర్చి వదిలేస్తే వాళ్ళే పోరాడుకునే ఆట. విపరీతంగా పాకింది. అంటే కొత్త పటంలో రసం చావలేదన్నమాట. కాని జూన్ తిరిగేసరికి వాల్వ్ వారిది ఒకటి, రయట్ వారిది ఒకటి, అదే తరహా ఆటలు అంగట్లోకి వచ్చేశాయి. డోటా 2003 నుండి 2009 వరకు, సుమారు ఆరేళ్ళు ఆటగాళ్ళ చేతులలోనే నలిగింది. ఒకడు చెడగొట్టాడు, ఒకడు బాగుచేశాడు, వందమంది తగవులాడారు. ఆటో చెస్‌కు దక్కినది ఆరు నెలలు. ఆరు నెలల్లో ఎంతమంది చేయి పడుతుంది? ఎంతమంది దాన్ని విప్పిచూస్తారు? తక్కినవాళ్ళందరూ తయారైన వంటకం తిన్నవాళ్ళే. ఈ తొందర ముందు బ్లిజర్డు వారి నిబంధన నాకు చిన్న విషయంగా కనిపిస్తుంది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ పరిస్థితి కొంత మెరుగు. 2019 నవంబరులో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చాక పాత ఆటకు కొత్త ప్రాణం వచ్చింది. ఆటకు పేరుపెట్టి పిలిచే లాబీ అందులో ఉంది. 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా పేరుతో ద్రావిడులు, వంగీయులు, గుర్జరులు చేరారు, రాజేంద్రచోళుడి కథ కూడా ఒక దండయాత్రగా పెట్టారు. మా పారశీక నలగాముడికి ఇప్పుడు సొంత గుడ్డలు దొరికినట్టే. అయినా ఆ ఆట ఆడే కుర్రవాళ్ళను గమనిస్తే, వారి దృష్టి ఎక్కువగా ర్యాంకు మీదే. ర్యాంకు కావాలంటే అందరికీ సమానమైన, అందరికీ తెలిసిన పటం కావాలి. అందుకే అరేబియా అనే బట్టబయలు పటమే ఇరవై ఏళ్ళుగా రాజ్యం చేస్తోంది. ఎన్నో క్షణానికి ఎన్నో గ్రామీణుడు పుట్టాలో బట్టీ పడతారు. అదీ విద్యే, నేను కాదనను. ధారణ లేనివాడు అవధాని కాలేడు. కాని పృచ్ఛకులందరూ లేచిపోయాక అవధాని ఒక్కడే వేదిక మీద కూర్చుని తన ధారణను గడియారంతో కొలుచుకుంటూ ఉంటే చూసేవాడికి ఎలా ఉంటుంది?

క్యాసిల్ బ్లడ్ వంటి పాత పటాలను ఇప్పటికీ ఆడేవారు ఉన్నారు గదా అని మా అబ్బాయి ఆక్షేపణ. ఉన్నారు. నేనూ తొంగిచూశాను. అక్కడ కూర్చున్నవారు ఆ పటాన్ని ఏళ్ళతరబడి ఆడుతున్నవారు. వారికి అది ఇప్పుడు పటం కాదు, మరో అరేబియా. ప్రతి అవధానంలో అదే సమస్య ఇచ్చి, అదే పూరణ విని చప్పట్లు కొట్టే సభలు కూడా ఉంటాయి. వారి ఆనందం వారిది.

వీడియోల సంగతి ఎత్తకపోతే వాదం పూర్తి కాదు. ఏ పటం వచ్చినా ఆ సాయంత్రానికే ఎవరో ఒకరు మొదటినుండి చివరిదాకా ఆడి చూపిస్తున్నారు. పక్క హాస్టలుకు వెళ్ళిన ఆ టెక్స్టు ఫైలు ఇప్పుడు లోకమంతటికీ, పటం కంటె ముందే చేరుతోంది. చూడకుండా ఉండవచ్చు గదా అంటారు. నేను చూడకుండా ఉండగలను. కాని నా పక్షాన ఆడే ముగ్గురూ చూసి వస్తే, వాళ్ళు నన్ను కోడిని ఎడమ అడవిలోంచి తోలమంటారు. నా అజ్ఞానం నా ఒక్కడి చేతిలో లేదు. ఎనిమిదిమంది కలిసి కాపాడుకుంటేనే అది ఉంటుంది. కష్టమంతా అక్కడే ఉంది. మంచి పటం గీసే కుర్రవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు. దాన్ని తెలియకుండా ఆడటానికి ఎనిమిదిమందిని ఒకచోట కూర్చోబెట్టే ఏర్పాటు లేదు. ఒక పటం గీయడానికి మా పిల్లలకు పది ఆదివారాలు పట్టింది. ఆ పది ఆదివారాలూ వాళ్ళు కూర్చున్నది, హాస్టలులో ఎవరో ఎనిమిదిమంది తెల్లబోతారన్న ఆశతో. తెల్లబోయేవాళ్ళు లేరని ముందే తెలిస్తే ఆ కుర్రవాడు 'ఆటలో గెలవచ్చు గదా' అని అడిగేవాడా అన్నది నా సందేహం. అడగకపోతే మూడో ఆదివారానికే క్రికెట్టుకు వెళ్ళిపోయేవారు.

అందుచేత ఒక ప్రతిపాదన. నా దగ్గర ఒక పటం ఉంది. పల్నాటిది కాదు, దాని రహస్యం పైన నేనే చెప్పేశాను గనుక అది ఇక పనికిరాదు. ఇది ఆనాటి శిష్యుడొకడు ఈమధ్య గీసి పంపినది, ఇంకా ఎవరూ ఆడలేదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ డెఫినిటివ్ ఎడిషన్ ఉన్నవారు చాలు. ఎనిమిది స్థానాలు. ఒకటి నాది, ఒకటి మా అబ్బాయిది, ఆరు ఖాళీ. పటం పేరు చెప్పను, ఇతివృత్తం చెప్పను. ఆడుతుండగా ఎవరూ రికార్డు చేయరాదు, ఆడిన తరువాత నెలరోజులు ఎవరికీ చెప్పరాదు. బొత్తిగా ఆట రానివారికి ప్రాధాన్యం. శనివారం రాత్రి తొమ్మిదికి మొదలు, అమెరికాలో ఉన్న మిత్రులకు అది ఉదయం కాఫీ వేళ. రాదలచినవారు నాకొక ముక్క రాయండి. టర్కీ కోళ్ళు ఈసారి లేవు.